విలియం బక్లీ: సొంత భాషను మరచిపోయిన ద్వీపాంతర ఖైదీ

విలియం బక్లీ ఇంగ్లండులో పుట్టిన మామూలు తాపీ పనివాడు. దొంగ సొత్తు తీసుకున్నాడన్న నేరం మీద శిక్షపడి 1803లో ఆస్ట్రేలియా చేరాడు. చేరిన మూడు నెలలలోపే పారిపోయి అక్కడి ఆదివాసుల మధ్య 32 ఏళ్లు బతికాడు. 1835లో మళ్లీ తెల్లవాళ్ల ముందుకొచ్చి నిలబడ్డప్పుడు వాళ్లడిగిన దానికి బదులు చెప్పడానికి అతని నోట ఒక్క ఇంగ్లీషు ముక్క రాలేదు. మరచిపోయాడు.

హోసూరులోనో బళ్లారిలోనో బరంపురంలోనో షోలాపూర్‌లోనో తరతరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్లకు ఈ ఆంగ్లేయ ఖైదీతో ఏం పని అని పాఠకులు అడగవచ్చు. చుట్టరికమైతే ఏమీ లేదు. అయితే పుట్టిన చోటికి దూరంగా బతికే మనిషి నోట్లో భాష ఎలా అరిగిపోతుందో, తిరిగి ఎలా వస్తుందో, రెండు భాషలు తెలిసినవాణ్ని రెండు పక్షాలూ ఎలా అనుమానిస్తాయో ఇతని జీవితంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా మాకు కనిపించలేదు. అందుకే ఈ పరిచయం.

ద్వీపాంతర శిక్ష అంటే

నేరస్తుణ్ని సముద్రం దాటించి వదిలేయడం బ్రిటిష్ వాళ్లకు పాత అలవాటు. మొదట అమెరికా వలస రాష్ట్రాలకు పంపేవారు. 1775లో అక్కడ యుద్ధం మొదలై ఆ దారి మూసుకుపోయింది. లండన్ జైళ్లు నిండిపోయాయి. నదుల్లో లంగరు వేసిన పాత ఓడల్లో కూడా ఖైదీలను కుక్కారు. చివరికి 11 ఓడల మొదటి దండు 1787 మేలో బయలుదేరి 1788 జనవరిలో ఆస్ట్రేలియా తూర్పు తీరానికి చేరింది. అప్పటి నుంచి 1868 వరకు సుమారు 1,62,000 మందిని అలా పంపారు. వాళ్లలో ఆడవాళ్లు దాదాపు 25,000 మంది. ఎక్కువమందిది దొంగతనమే. శిక్ష 7 ఏళ్లు, 14 ఏళ్లు, లేదా యావజ్జీవం. ఏడేళ్ల శిక్ష పడ్డవాడికైనా తిరుగు ప్రయాణం ఖర్చు ఎవరూ ఇచ్చేవారు కాదు కాబట్టి, చాలామందికి అది యావజ్జీవమే అయింది.

చేరాక పని సర్కారు దగ్గరో, లేదా అక్కడ భూములు పొందిన దొరల దగ్గరో చేయాలి. నడవడి బాగుంటే టికెట్ ఆఫ్ లీవ్ అనే చీటీ ఇస్తారు. దానితో ఆ జిల్లాలో సొంతంగా కూలి చేసుకోవచ్చు. ఆ పైన షరతులతో క్షమాభిక్ష, అదృష్టముంటే పూర్తి క్షమాభిక్ష. తప్పు చేస్తే కొరడా, కాళ్లకు ఇనుప సంకెళ్లు.

మన వైపు ఈ శిక్షను ద్వీపాంతరం అన్నారు. బక్లీకి శిక్షపడిన 1802లోనే, ఫిబ్రవరి నెలలో, తూత్తుకుడి రేవు నుంచి ఓ ఓడ పెనాంగ్ దీవికి బయలుదేరింది. అందులో డెబ్బై మందికి పైగా దక్షిణ తమిళ దేశపు పాళెగాళ్లూ వాళ్ల మనుషులూ ఉన్నారు. తెలుగు మూలాలున్న కట్టబొమ్మన్‌ను 1799లో కయత్తారులో ఉరితీశాక, 1801లో మళ్లీ లేచిన తిరుగుబాటులో పట్టుబడ్డవాళ్లు వీళ్లు. చిన్న మరుదు కొడుకు దురైసామి అప్పటికింకా కుర్రవాడు, అతణ్నీ వదల్లేదు. తర్వాతి రోజుల్లో రంప తిరుగుబాట్లలో చిక్కిన మన్యం మనుషులను అండమాన్‌కు పంపారు. కాబట్టి ద్వీపాంతరం మనకు పుస్తకాల్లో చదివి తెలుసుకున్న మాట కాదు. బ్రిటిష్ వాళ్లు తమ పేదలకు విధించిన శిక్షనే మనకూ విధించారు. తేడా ఒక్కటే. వాళ్ల ఖైదీ వెళ్లి అక్కడి భూమికి యజమాని అయ్యే అవకాశం ఉండేది.

తాను గుడ్డ

బక్లీ 1780 ప్రాంతంలో చెషైర్ జిల్లా మార్టన్ అనే పల్లెలో చిన్న రైతు కుటుంబంలో పుట్టాడు. పెంచింది మాత్రం మాకిల్స్‌ఫీల్డ్ పట్టణంలో ఉన్న తల్లి తరఫు తాత. పదిహేనేళ్ల వయసులో ఓ తాపీ మేస్త్రీ దగ్గర పని నేర్చుకోవడానికి పెట్టారు. ఆ పని అతనికి నచ్చలేదు. జిల్లా పటాలంలో చేరి, అక్కడి నుంచి కింగ్స్ ఓన్ అనే పదాతి దళానికి మారాడు. 1799లో హాలండ్‌లో ఫ్రెంచి వాళ్ల మీద జరిగిన యుద్ధంలో చేతికి గాయమైంది. మనిషి చాలా పొడగరి, దగ్గర దగ్గర ఆరున్నర అడుగులు. ఆ ఎత్తే తర్వాత అతని కథలో చాలాచోట్ల అడ్డం పడుతుంది.

1802లో సస్సెక్స్ కోర్టులో కేసు నడిచింది. దొంగిలించిన గుడ్డల తాను అని తెలిసి దగ్గర పెట్టుకున్నాడని అభియోగం. అతను చెప్పింది వేరు. దారిలో ఒకావిడ ఈ తాను దండు దగ్గరికి చేర్చమంటే తీసుకెళ్లానని, అది దొంగ సొత్తని తెలియదని ముసలితనం దాకా అదే మాట చెప్పాడు. కోర్టు నమ్మలేదు. ఇప్పుడు మనం నమ్మాలో వద్దో తేల్చే దారి లేదు. ఏదైనా, కొన్ని గజాల గుడ్డ కోసం ఒక మనిషిని భూమికి ఆ చివరికి పంపించడం ఆ రోజుల్లో వింతేమీ కాదు.

ఓడ పేరు కలకత్తా

అతణ్ని ఎక్కించిన ఓడ పేరు కలకత్తా. అది ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ సరుకు మోసిన ఓడ, అప్పుడు దాని పేరు వార్లీ. తర్వాత నౌకాదళం కొని, పేరు మార్చి ఖైదీలకు వాడింది. 1803 ఏప్రిల్‌లో ఇంగ్లండు వదిలి, టెనెరిఫ్, రియో, గుడ్ హోప్ అగ్రం మీదుగా అక్టోబరులో పోర్ట్ ఫిలిప్ అనే పెద్ద అఖాతానికి చేరింది. ఇప్పటి మెల్‌బోర్న్ నగరం ఆ అఖాతం ఉత్తరపు కొసన ఉంది. అప్పుడక్కడ తెల్లవాడి గుడిసె ఒక్కటీ లేదు.

డేవిడ్ కాలిన్స్ అనే అధికారి అఖాతం ముఖద్వారానికి దగ్గరలో, సలివన్ బే అనే చోట గుడారాలు వేయించాడు. సుమారు మూడు వందల మంది ఖైదీలు, కాపలా సైనికులు, కొన్ని కుటుంబాలు. చోటు ఎంపికే తప్పు. అంతా ఇసుక. మంచినీళ్లు లేవు. చిల్లులు పొడిచిన పీపాలను ఇసుకలో పాతిపెట్టి, వాటిలోకి ఊరిన నీళ్లు తాగారు. ఇది కుదరదని కాలిన్స్‌కు త్వరలోనే అర్థమై, దక్షిణాన ఉన్న వాన్ డీమెన్స్ లాండ్ దీవికి అందరినీ తరలించడానికి సిద్ధమయ్యాడు. ఆ దీవిని ఇప్పుడు టాస్మానియా అంటున్నాం.

ఆ గుడారాల్లో జాన్ పాస్కో ఫాక్‌నర్ అనే పదకొండేళ్ల పిల్లవాడు కూడా ఉన్నాడు. తండ్రికి శిక్షపడితే వెంట వచ్చాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1803 డిసెంబరు 27 రాత్రి

ఓడెక్కితే మళ్లీ దీవిలో బందీలం, పోతే ఇప్పుడే పోవాలి అనుకున్నారు బక్లీ, మరికొందరు. సిడ్నీ అక్కడికి ఎంతో దూరం ఉండదని వాళ్ల అంచనా. నిజానికి దారి కూడా లేని అడవిలో ఏడెనిమిది వందల కిలోమీటర్లు. ఆ రోజుల్లో ఉత్తరంగా నడిస్తే చైనా వస్తుందని నమ్మి పారిపోయిన ఖైదీలు కూడా ఉన్నారు. పటం చూడని వాళ్లకు ప్రపంచం అంతే.

డిసెంబరు 27 రాత్రి బయలుదేరారు. ఒకతణ్ని కాపలావాళ్లు కాల్చారు. మిగిలినవాళ్లు అఖాతం చుట్టూ నడిచి అవతలి ఒడ్డుకు చేరేసరికి తిండి అయిపోయింది. ఎదురుగా నీళ్లకు అవతల తమ గుడారాలు కనిపిస్తున్నాయి. మంటలు వేసి, చొక్కాలు చెట్లకు కట్టి సైగలు చేశారట. ఒక పడవ సగం దూరం వచ్చి వెనక్కి మళ్లిందట. తోటివాళ్లు వచ్చిన దారినే తిరిగి వెళ్లి లొంగిపోదామన్నారు. బక్లీ ఒప్పుకోలేదు. వాళ్లు వెళ్లిపోయారు. మళ్లీ వాళ్లను అతను చూడలేదు.

ఒంటరిగా తీరం వెంబడి నడిచాడు. రాళ్లకు అంటుకున్న గుల్లలు, ఏరుకున్న కాయలు తిన్నాడు. నీళ్లకు వాగుల ముఖాలు వెతుక్కున్నాడు. పాయింట్ లాన్స్‌డేల్ దగ్గర ఓ గుహను ఇప్పటికీ బక్లీ గుహ అంటారు. చలికాలం వచ్చేసరికి బట్టలు చినిగి, చెప్పులు పోయి, ఒళ్లు శుష్కించింది. ఇక గుడారాలకే తిరిగి పోదామని అతనూ వెనక్కి బయలుదేరాడు. అప్పటికి అక్కడ గుడారాలు లేవన్న సంగతి అతనికి తెలియదు. 1804లో అందరూ ఓడలెక్కి వెళ్లిపోయారు.

ముర్రంగర్క్

దారిలో ఒక మట్టి దిబ్బ మీద ఈటె గుచ్చి ఉంటే, చేతికర్రగా పనికొస్తుందని పీక్కున్నాడు. అది సమాధి. ఈటె ఆ చచ్చిపోయిన మనిషిది. అతని పేరు ముర్రంగర్క్.

ఓ చెట్టు కింద పడిపోయి ఉన్న బక్లీని వాథరాంగ్ తెగ ఆడవాళ్లు చూశారు. ఇప్పుడు ఆ జనం తమ పేరును వాదవురుంగ్ అని రాసుకుంటున్నారు. చచ్చినవాళ్లు తెల్లటి ఒంటితో తిరిగి వస్తారని ఆ ప్రాంతంలో చాలా తెగల నమ్మకం. ఎదురుగా తెల్లటి మనిషి, చేతిలో ముర్రంగర్క్ ఈటె. ఇంకేం అనుమానం? రెండు చేతులూ పట్టుకుని లేపి, గుడిసెల దగ్గరికి నడిపించుకెళ్లారు. జిగురు నీళ్లలో కలిపి తాగించారు. ఏడ్చారు, ఒళ్లు గీరుకున్నారు. అది దుఃఖమో సంతోషమో అతనికి అంతుపట్టలేదు. తర్వాత తెలిసింది, పోయినవాడు తిరిగొచ్చాడని ఏడ్చారని. ఆ రాత్రి మంట చుట్టూ ఆట. తర్వాత ముర్రంగర్క్ తమ్ముడు, వదిన వరస, పిల్లలు వచ్చి తమ వాణ్ని తాము చేర్చుకున్నారు.

తిరిగొచ్చినవాడికి మాటలు రాకపోవడం వాళ్లకు ఇబ్బంది కాలేదు. చావు నుంచి వచ్చినవాడు, భాష మరచిపోయి ఉంటాడు, మళ్లీ నేర్పుదాం అనుకున్నారు. ఓపికగా నేర్పారు. ఈ కథలో మాకు అన్నిటికన్నా గట్టిగా తగిలిన చోటు ఇదే. పరాయివాడికి భాష నేర్పినట్టు కాదు, ఇంటి పిల్లాడికి నేర్పినట్టు నేర్పారు. అందుకే అంత లోపలికి దిగింది.

ముప్పై రెండేళ్లు

ఆ ఏళ్ల గురించి మనకు తెలిసింది అతను ముసలితనంలో చెప్పుకున్నదే. వాళ్లు ఒకచోట ఉండరు. రుతువును బట్టి, తిండిని బట్టి తిరుగుతారు. బార్వన్ నది, దాని చుట్టూ చెరువులు, కరాఫ్ అనే వాగు, సముద్రపు ఒడ్డు. మలుగు చేపలను రాత్రిపూట కాగడాల వెలుతురులో పట్టేవారు. మర్నాంగ్ అనే దుంపను ఆడవాళ్లు కర్రలతో తవ్వేవారు. పసుపుపచ్చ పువ్వు పూసే ఆ మొక్క దుంప వాళ్లకు మనకు వరి ఎలాగో అలాంటిది. కంగారూ, పాసమ్ తోళ్లను ఎముక సూదులతో కుట్టి కప్పుకునేవారు. బక్లీ ఈటె విసరడం, తోలు ఒలవడం, నిప్పు పుట్టించడం నేర్చాడు. ఏళ్ల లెక్క పోయింది. మోడెవారీ చెరువులో బన్యిప్ అనే నీటి భూతాన్ని తాను చూశానని కూడా చెప్పాడు. దాని వీపు మాత్రమే కనిపించిందట, తల ఎప్పుడూ కనిపించలేదట. మన ఊరి చెరువు దయ్యాల కథలూ ఇలాగే ఉంటాయి కదా.

అంతా ప్రశాంతమని కాదు. తెగల మధ్య తగవులు తరచూ వచ్చేవి, ఎక్కువ భాగం ఆడవాళ్ల విషయంలో, పాత పగల విషయంలో. చచ్చి తిరిగొచ్చినవాడు కాబట్టి బక్లీని పోరులోకి దింపేవారు కాదు. కానీ అతణ్ని చేరదీసిన కుటుంబం వాళ్లే అలాంటి తగవులో హతమయ్యారు. అనాథలైన వాళ్ల పిల్లలను, గుడ్డివాడైన ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని, వెంటబెట్టుకుని అతను కరాఫ్ వాగు దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడ మట్టి పెళ్లలతో, దుంగలతో గుడిసె కట్టాడు. దానికి పొగగొట్టం కూడా పెట్టాడు. చిన్నప్పుడు ఇష్టంలేక నేర్చుకున్న తాపీ పని అడవిలో అలా అక్కరకొచ్చింది. పోటుకు వాగులోకి ఎక్కే చేపలు పాటుకు వెనక్కి పోకుండా కొమ్మలతో దడి కట్టి పట్టేవాడు. ఆ గుడ్డి అబ్బాయిని కూడా తర్వాత ఓ తగవులో చంపేశారు.

అతనికి పెళ్లయిందని, భార్య కొన్నాళ్లకు వేరొకరితో వెళ్లిపోయిందని పుస్తకంలో ఉంది. కూతురు ఉందని ఇతరులు చెప్పారు. వీటి మీద కథనాలు ఒకదానితో ఒకటి కలవవు.

రొట్టె ముక్క

1835 నాటికి టాస్మానియాలో గొర్రెల మందలకు మేత చాలడం లేదు. జాన్ బాట్‌మన్ అనే ఆసామి కొందరితో కలిసి సంఘం పెట్టి అఖాతం దాటి వచ్చాడు. 1835 జూన్ 6న అక్కడి పెద్దలతో ఒప్పందం చేసుకున్నానన్నాడు. దుప్పట్లు, కత్తులు, గొడ్డళ్లు, అద్దాలు ఇచ్చి, ఏటేటా మరికొన్ని ఇస్తానని చెప్పి, సుమారు 6 లక్షల ఎకరాలు రాయించుకున్నాడు. తర్వాత కొందరు మనుషులను ఇండెంటెడ్ హెడ్ అనే చోట కాపలా ఉంచి వెళ్లాడు.

జూలై 6న ఆ కాపలా గుడిసెల దగ్గరికి ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. ఒంటి మీద తోళ్లు, చేతిలో ఈటెలు, జుట్టూ గడ్డమూ పెరిగిపోయి, ఎత్తుగా. తెల్లవాడిలా ఉన్నాడు, మాట్లాడడు. వాళ్లు అడుగుతుంటే చూస్తున్నాడు. చేతి మీద పచ్చబొట్టుతో పొడిచిన రెండు ఇంగ్లీషు అక్షరాలు చూపించాడు, డబ్ల్యూ, బీ. తన పేరు పలకడం రాక, చర్మం మీద ఉన్నది చూపించాడన్నమాట.

వాళ్లలో ఒకతను రొట్టె ముక్క అందిస్తూ దాని పేరు పలికాడు. బ్రెడ్. ఆ ఒక్క మాటతో బుర్ర మీద కమ్మిన మబ్బు కదిలినట్టయిందని బక్లీ తర్వాత చెప్పాడు. ఆ మాటను తనూ పలికాడు. తర్వాతి రోజుల్లో ఒక్కొక్క మాటే వచ్చింది.

ఏళ్ల తరబడి తెలుగు మాట్లాడని పెద్దమనిషి ఎవరో ‘అన్నం’ అనగానే తలెత్తి చూడటం లాంటిదే ఇది. మరచిపోయిన భాష తిండి పేరుతో తిరిగి రావడంలో మాకు ఆశ్చర్యం ఏమీ కనిపించదు. మన ఇళ్లలో మూడో తరానికి తెలుగు జారిపోతున్నప్పుడు ఆఖరున మిగిలేవి ఊరగాయ పేర్లూ వరసల పిలుపులూనే.

మొదట తాను ఓడ మునిగి బయటపడ్డ సైనికుణ్నని చెప్పాడు. ఖైదీనంటే మళ్లీ సంకెళ్లు వేస్తారన్న భయం. కొద్ది రోజుల్లో నిజం ఒప్పుకున్నాడు. ఈలోగా చుట్టుపక్కల తెగలవాళ్లు ఆ కొద్దిమంది తెల్లవాళ్లను చంపి వస్తువులు తీసుకుందామనుకుంటే, ఓడ రానివ్వండి, ఇంకా ఎక్కువ వస్తాయి అని నచ్చజెప్పి ఆపాడు. ఆగస్టులో వచ్చిన సర్వేయర్ జాన్ హెల్డర్ వెడ్జ్ ఇతని కథ విని, క్షమాభిక్ష కోసం టాస్మానియా గవర్నర్ జార్జ్ ఆర్థర్‌కు రాశాడు. అదే ఏడాది క్షమాభిక్ష వచ్చింది. అప్పటికి బక్లీకి 55 ఏళ్లు.

బాట్‌మన్ ఒప్పందం గురించి అతను తర్వాత చెప్పిన మాట చాలా విలువైనది. అలాంటి ఒప్పందం జరగడానికే వీల్లేదు, ఎందుకంటే నేల మీద అందరికన్నా ఎక్కువ హక్కున్న నాయకుడంటూ ఆ జనంలో ఎవరూ లేరు, అమ్మే అధికారం ఎవరికీ లేదు అన్నాడు. గవర్నర్ బర్క్ కూడా ఆ ఒప్పందం చెల్లదని 1835 ఆగస్టులో ప్రకటించాడు. కారణం మాత్రం వేరు. భూమంతా బ్రిటిష్ రాజుదే, కొనాలంటే రాజు దగ్గరే కొనాలి అని. అటు చూసినా ఇటు చూసినా వాదవురుంగ్ వాళ్లకు దక్కింది లేదు.

దుబాసీ బతుకు

చెన్నపట్నం చరిత్ర తెలిసినవాళ్లకు దుబాసీలు తెలుసు. రెండు భాషలు తెలిసి, కంపెనీకీ జనానికీ మధ్య నిలబడి మేడలు కట్టినవాళ్లు వాళ్లలో ఉన్నారు. బక్లీ కూడా దుబాసీ అయ్యాడు. బాట్‌మన్ సంఘం ఏడాదికి 50 పౌండ్ల జీతం ఇచ్చింది. 1836లో సర్కారు తరఫున కెప్టెన్ లాన్స్‌డేల్ మేజిస్ట్రేటుగా వచ్చాక అతని దగ్గర దుబాసీ, కానిస్టేబులు. 1837 మార్చిలో గవర్నర్ బర్క్ చూడటానికి వస్తే వెంట తిప్పాడు. బాట్‌మన్ ఇంటికి పొగగొట్టం కట్టింది కూడా ఇతనేనని చెబుతారు.

మేడ మాత్రం కట్టలేదు. రెండేళ్లలో మనశ్శాంతి పోయింది. గొర్రెల మందలు దిగుతూనే ఉన్నాయి. అవి మర్నాంగ్ దుంపలను మొదలంటా తినేశాయి. తిండి పోయిన జనం గొర్రెలను పట్టుకుంటే కాపరులు కాల్చారు. కాపరిని ఎవరైనా చంపితే తెల్లవాళ్లు గుంపుగా వెళ్లి మరికొందరిని చంపారు. అందరి గోడూ బక్లీ దగ్గరికే వచ్చేది. ఆదివాసులకు అతను ముర్రంగర్క్, తమవాడు, ఇదంతా ఆపాలి. తెల్లవాళ్లకు అతను పారిపోయిన ఖైదీ, అడవివాళ్లతో కుమ్మక్కైనవాడు.

1837 ఫిబ్రవరిలో గెలిబ్రాండ్, హెస్ అనే ఇద్దరు లాయర్లు గుర్రాల మీద వెళ్లి కనిపించకుండా పోయారు. వెతకడానికి బక్లీని పంపారు. అతను ఒంటరిగా వెళ్లి మెల్లగా అడుగుదామనుకుంటే, తెల్లవాళ్ల గుంపు గుర్రాలతో దూసుకొచ్చి, వివరం తెలిసిన ఆదివాసులను బెదరగొట్టింది. తర్వాత మళ్లీ బయలుదేరబోతే అతని గుర్రం కాళ్ల నరాలు ఎవరో కోసేశారు, అది నెత్తురు కారి చచ్చిపోయింది. ఎవరు చేశారో తేలలేదు. ఏ పక్షమైనా చేసి ఉండొచ్చన్నదే అతని స్థితి.

అప్పుడు గుడారాల్లో పదకొండేళ్ల పిల్లవాడిగా ఉన్న ఫాక్‌నర్ ఇప్పుడు మెల్‌బోర్న్ పెద్దల్లో ఒకడు. బక్లీ మందమతి అని, నమ్మరానివాడని బాహాటంగా అన్నాడు, రాశాడు. 32 ఏళ్లు మాట్లాడని భాషలో తడబడుతూ మాట్లాడే మనిషిని తెలివితక్కువవాడనుకోవడం సులువు. జార్జ్ లాంగ్‌హార్న్ అనే మిషనరీ మాత్రం కూర్చోబెట్టి, ఓపికగా అడిగి, అతను చెప్పింది రాసిపెట్టాడు. బక్లీ నుంచి మాట రాబట్టడం ఎంత కష్టమైందో అతనే రాశాడు. ఏ భాషలోనూ పూర్తిగా ఇల్లు లేనివాళ్లను మనమూ చూశాం. వాళ్ల మౌనాన్ని లోకం ఎప్పుడూ తక్కువగానే అంచనా వేస్తుంది.

1837 డిసెంబరు 28న బక్లీ ఓడెక్కి హోబార్ట్ వెళ్లిపోయాడు. పారిపోయిన రాత్రికి సరిగ్గా 34 ఏళ్ల ఒక రోజు తర్వాత. మళ్లీ ఆ తీరానికి రాలేదు.

హోబార్ట్

హోబార్ట్‌లో ఎవరో నాటకశాలకు రమ్మని పిలిచారు, అతను సరేనన్నాడు. తీరా తెలిసింది, చూడటానికి కాదు, రంగస్థలం మీద ఆజానుబాహువుగా చూపించడానికి అని. వెంటనే మానుకున్నాడు. వలస వచ్చినవాళ్ల వసతి గృహంలో సామాన్ల గుమాస్తాకు సహాయకుడిగా ఉద్యోగం దొరికింది. 1840లో జూలియా ఈగర్స్ అనే వితంతువును పెళ్లాడాడు. ఆమెకు ఓ కూతురు ఉంది. 1841 నుంచి ఆడ ఖైదీల జైలు దగ్గర గేటు కాపలా. ఒకప్పటి ఖైదీ ఖైదీల గేటు దగ్గర తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. 1850లో ఉద్యోగం పోయింది, ఏడాదికి 12 పౌండ్ల పింఛను మిగిలింది.

చేతిలో డబ్బు లేకపోవడం వల్లే మనకు అతని కథ దక్కింది. జాన్ మోర్గాన్ అనే హోబార్ట్ పత్రికా సంపాదకుడు అతను చెప్పింది విని, తనే ‘నేను’ అని రాసి, 1852లో పుస్తకం వేశాడు. లాభం ఇద్దరూ పంచుకోవాలని అనుకున్నారు. ఈ పుస్తకాన్ని జాగ్రత్తగా చదవాలి. బక్లీకి చదువు రాదు. మోర్గాన్‌కు అమ్ముడుపోయే పుస్తకం కావాలి. బైబిలు ధోరణి వాక్యాలు, తెగల పోరాటాల నెత్తుటి వర్ణనలు చాలామట్టుకు మోర్గాన్ కలానివే అనిపిస్తుంది. లాంగ్‌హార్న్ రాసుకున్న దానితో కొన్ని చోట్ల కలవదు. అయినా ఊళ్ల పేర్లు, తిండి, చేపల దడి, చుట్టరికాలు రాసిన చోట కళ్లతో చూసినవాడి మాటే వినిపిస్తుంది. తెల్లవాళ్లు రాకముందు ఆ జనం ఎలా బతికారో వాళ్ల మధ్య నుంచి చెప్పిన వివరం మరొకటి దాదాపు లేదు.

బక్లీ బండి మీద నుంచి పడి దెబ్బలు తగిలి, 1856 జనవరి 30న హోబార్ట్‌లో చనిపోయాడు. బ్యాటరీ పాయింట్‌లో పూడ్చారు.

మిగిలినవి

ఆస్ట్రేలియాలో ఇప్పటికీ ‘బక్లీ ఛాన్స్’ అంటే ఆశే లేదని అర్థం. ఆ నుడికారం ఇతని మీదే పుట్టిందని కొందరు, మెల్‌బోర్న్‌లోని బక్లీ అండ్ నన్ అనే దుకాణం పేరు మీద పుట్టిందని కొందరు అంటారు. ఆ దేశంలో ఉంటున్న మీ పిల్లలు ఈ మాట విని ఉంటారు, అడిగి చూడండి. జీలాంగ్ పట్టణంలో బార్వన్ నది మీద బక్లీ జలపాతం ఉంది. జీలాంగ్ అన్న పేరే వాదవురుంగ్ మాట నుంచి వచ్చింది.

బక్లీకి ఇంటి పిల్లాడిలా నేర్పిన ఆ భాష మాట్లాడే జనం, గొర్రెలు వచ్చిన కొన్ని దశాబ్దాల్లోనే రోగాలకూ తుపాకులకూ ఆకలికీ కరిగిపోయారు. భాష ఇళ్లలోంచి పోయింది. పాత దొరలు, మిషనరీలు రాసిపెట్టుకున్న మాటల జాబితాల నుంచి వాళ్ల వారసులు ఇప్పుడు దాన్ని తిరిగి నేర్చుకుంటున్నారు. మర్నాంగ్ దుంపను మళ్లీ నాటుతున్నారు.

బక్లీ బొమ్మలు చాలా ఉన్నాయి. ఎక్కువ భాగం తెల్ల చిత్రకారులవి. వాటిలో అతను తోళ్లు కప్పుకుని తెల్లవాళ్ల ముందు నిలబడి ఉంటాడు, కథ అక్కడే మొదలైనట్టు. టామీ మెక్‌రే అనే ఆదివాసీ చిత్రకారుడు 1890 ప్రాంతంలో సిరాతో గీసిన బొమ్మ వేరుగా ఉంటుంది. అందులో ఆదివాసులు వరుసగా నిలబడి ఆడుతుంటారు. ఆ వరుసలోనే, వాళ్లతో పాటే, బక్లీ ఉంటాడు.